మారు వడ్డన

గరిటెకి అంటుకున్న ఒక్క దోసకాయ ముక్క నోట్లో వేసుకోగానే సత్యప్రియ గుండె గుభేలుమంది. చేదు. మామూలు చేదు కాదు, నాలుక మొద్దుబారి గొంతు పట్టేసే కటిక చేదు. పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేసింది. మూడుసార్లు పుక్కిలించినా వదల్లేదు.

"ఏవండీ, ఓసారిలా రండి" అని పిలిచింది. ఆ గొంతు విని దుర్గాశ్రీనివాస్ మడిపంచెతోనే వచ్చాడు.

"దోసకాయ చేదండీ. కూరంతా చేదే."

"తరిగేటప్పుడు చూసుకోలేదా?"

"ఎలా చూస్తానండీ, తద్దినం వంట కదా."

నిజమే. దోసకాయ కోసిన ఏ ఇల్లాలైనా ముందు చిన్న ముక్క కొరికి చూస్తుంది. చేదైతే గిరాటేస్తుంది. కానీ ఇవాళ మామగారి తద్దినం. భోక్తగారు, అంటే మామగారి స్థానంలో కూర్చుని భోంచేసే బ్రాహ్మడు, తిని లేచేదాకా వండిన మనిషి ఉప్పు కూడా చూడకూడదు. ఆయన సంగతి ఇంకా కష్టం. విస్తరి ముందు కూర్చున్నాక నోరు విప్పకూడదు. వంట బాగుందనీ అనకూడదు, బాగోలేదనీ అనకూడదు. వండినవాళ్ళు రుచి చూడరు, తిన్నవాళ్ళు చెప్పరు. భోక్తగా వచ్చిన సోమయాజులుగారు తిని ఇందాకే బయల్దేరారు. ఇంట్లోవాళ్ళెవరూ ఇంకా భోజనాలకి కూర్చోలేదు.

"సోమయాజులుగారు ఎంత తిన్నారండీ?" అంది. ఆమెకి తెలుసు. తెలిసే అడిగింది.

శ్రీనివాస్ మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. వడ్డించింది తనే. సోమయాజులుగారు మొదటి ముద్ద తిని కాసేపు ఆగారు. తర్వాత ఎడంచేత్తో దోసకాయ కూర గిన్నె చూపించారు. వడ్డిస్తే తిని మళ్ళీ చూపించారు. అలా నాలుగు మార్లు. గారెలు అడగలేదు, పరమాన్నం అడగలేదు. గిన్నె అడుగు కనిపించేదాకా ఆ చెయ్యి దిగలేదు. దోసకాయంటే ప్రాణం పెట్టే నాన్నే వచ్చి తింటున్నాడనుకుని శ్రీనివాస్ కళ్ళు తుడుచుకుంటూ మరీ వడ్డించాడు.

సత్యప్రియకి మాత్రం ఒళ్ళు మండింది. ఆరేళ్ళ కూతురు చిన్మయి పొద్దుట్నుంచీ దోసకాయ కూర ఎప్పుడు పెడతావని ప్రాణం తీస్తోంది. పసిదానికి ముక్కైనా మిగల్చకుండా ఏం తిండి ఈ పెద్దాయనదని లోలోపల విసుక్కుంది. ఇప్పుడా ఖాళీ గిన్నెకేసి భయంగా చూసింది.

"మహా అయితే ఓ వాంతవుతుంది, అంతేలే" అన్నాడు శ్రీనివాస్, తనకి తనే ధైర్యం చెప్పుకుంటూ.

"అంతే కాదండీ. మొన్న పేపర్లో చదివేను. చేదు ఆనపకాయ రసం తాగి ఒకాయన ఐసీయూలో పడ్డారుట. దోసకాయా ఆ జాతేనట. ఈయనకి డెబ్భై దాటేయి. ముందు ఫోన్ చెయ్యండి."

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

పిల్లని పక్కింటి సూర్యకుమారిగారికి అప్పజెప్పి ఇద్దరూ బండెక్కారు. సోమయాజులుగారి ఇల్లు కొత్తపేటలో, ఆరు కిలోమీటర్లు. తన చేతి వంటే ఆయన ప్రాణం తీస్తే ఈ జన్మకి ఇంక గరిటె పట్టుకోలేననిపించింది సత్యప్రియకి. దారి పొడుగునా మామగారికే మొక్కుకుంది.

కాలువగట్టు మలుపులో ఆయన మోపెడ్ పడి ఉంది. పక్కనే చప్టా మీద ముడుచుకుని సోమయాజులుగారు. కండువా నిండా వాంతి, పెదాలు పాలిపోయి ఉన్నాయి. సత్యప్రియ చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

"ఏం లేదమ్మా, కాస్త ఎండదెబ్బ..." అంటూనే మళ్ళీ కక్కారు. అందులో ఎర్రటి జీర కనిపించింది.

ఆటో ఆపి ఆస్పత్రిలో చేర్చారు. డాక్టరు మెర్సీగారు సెలైన్ పెట్టించి బయటికొచ్చేసరికి గంట పట్టింది.

"ఇంట్లో కూరేనాండీ?"

"ఆయ్, మా ఇంట్లోదేనండి" అన్నాడు శ్రీనివాస్ తలొంచుకుని.

"బీపీ బాగా పడిపోయిందండి. ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు. అయినా అంత చేదు ఎవరు తింటారండి? మొదటి ముద్దకే ఊసెయ్యాలి కదా. ఈయనకి నాలిక్కి రుచి తెలీదా?"

"వయసు మీద పడి రుచి పోయిందేమోనండి" అన్నాడు శ్రీనివాస్.

దీపాలు పెట్టే వేళకి సోమయాజులుగారు కళ్ళు తెరిచారు. సత్యప్రియ ఆయన కాళ్ళు పట్టుకుని భోరుమంది.

"ఊరుకో తల్లీ. గండం గడిచింది కదా."

"మీకు చేదు తెలీలేదాండీ?"

"మొదటి ముద్దకే తెలిసిందమ్మా. ఇది తినే చేదు కాదనీ తెలిసింది."

"మరెందుకు తిన్నారండీ? విస్తట్లో వదిలెయ్యొచ్చు కదా. పోనీ లేచాకైనా మాతో చెప్పొచ్చు కదా."

"చెబితే తండ్రి తద్దినం చెడిపోయిందని మీ ఆయన ఏడాదంతా కుమిలిపోతాడు. చెప్పకుండా గిన్నెలో మిగిలిస్తే పాప తినేస్తుంది. గుమ్మంలో కంచం పట్టుకుని ఆ కూరకేసే చూస్తోంది. ఆ పూటకి దాని తాతని నేనే కదమ్మా."