డాక్టరమ్మ ముందర

"భుజం నొప్పి పోనే లేదా? మరి డాక్టరమ్మతో బాగుండాదని ఎందుకు చెప్పినావు నాయనా?" ధర్మపురి ఆస్పత్రి వరండాలో అభిరామి తండ్రిపై మండిపడింది.

"అంత చదివిన పిల్ల ఆశగా అడిగితే, మొగం మీదనే పోలేదని ఎట్ల చెప్పేది?" పక్షవాతంతో వాలిపోయిన భుజాన్ని పళనిస్వామి ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"ఆమె అడిగింది నీ క్షేమం కాదు. నీ భుజానికి కట్టి చూసిన ఆ కొత్త కరెంటు పట్టీ పనికొస్తుందా లేదా అని నీ మాదిరి వాళ్ల మాటతోనే తేల్చేది. బాగుందంటే రేపు అందరికీ దాన్నే కడతారు."

అతని మొహం వాడిపోయింది. "అయితే పద, నిజం చెప్పేస్తాను."

వాళ్లను చూడగానే డాక్టరమ్మ లేచి కుర్చీ జరిపింది. "ఏమయ్యా, మళ్లీ నొప్పి వచ్చిందా?"

"లేదమ్మా," అన్నాడు పళనిస్వామి. "పోయొస్తామని చెప్పేదానికి వచ్చినాము."