లోపల ఎవరూ లేరు

"ఎవరు కావాలి?"

కార్డుల గది కిటికీ ముందు నిలబడ్డ మనిషికి యాభై ఏళ్లుంటాయి. మాసిన చొక్కా, భుజాన తువ్వాలు.

"సరళమ్మ బాబూ. ఇక్కడే రొయ్యలు ఒలుస్తాదంట. ఓ మాట సెప్పేసి ఎల్లిపోతాను."

ఒడిశాలో సోనేపూర్ దారిలోని ఆ రొయ్యల ఫ్యాక్టరీలో గుర్తింపు కార్డులిచ్చేది గౌరీశంకరే. కార్డు గీకందే గేటు దాటలేరు. లోపలున్న ప్రతి ఒక్కరూ అతని కంప్యూటర్లో కనిపిస్తారు. ఆ ఏర్పాటంటే అతనికి గర్వం.

"ఆధార్ ఉందా?"

"లేదు బాబూ."

"ఇంకేదైనా కార్డు?"

"లైసెన్సుండేది. లాగేసుకున్నారు."

"సరళకి నువ్వేటవుతావు?"

అతను తల దించుకున్నాడు.

"ఏటని సెప్పను బాబూ."

గౌరీశంకర్‌కి అనుమానం బలపడింది. ఇలాంటి వాళ్లని చాలామందిని చూశాడు.

"షిఫ్టు దిగాక బయట మాట్లాడుకో. ఇక్కణ్ణుంచి ఎల్లు."

అతను వెళ్లలేదు. గేటు అవతల గోడ నీడన కూర్చున్నాడు.

భోజనాల వేళ దాటగానే, రొయ్యల్ని గడ్డకట్టించే మిషన్ల అమ్మోనియా గ్యాసు పైపు పగిలింది.

సైరన్ మోగింది. గేట్లు బార్లా తీశారు. ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని, దగ్గుతూ పరుగెత్తుకొచ్చారు.

"కార్డు గీకి ఎల్లండి, గీకి ఎల్లండి," గౌరీశంకర్ అరుస్తూనే ఉన్నాడు.

వాళ్లకి ఎదురెళ్లింది ఆ మనిషొక్కడే. కాసేపటికి తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని, స్పృహ లేని ఓ మనిషిని ఎత్తుకొచ్చి గేటు దగ్గర పడుకోబెట్టాడు.

సరళ.

అతను ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు.

గౌరీశంకర్ వంగి, ఆమె మెడలోని కార్డు తీసి మిషన్‌కి తాకించాడు. లేచి చూసేసరికి అతను లేడు. ఎటో వెళ్లాడనుకున్నాడు.

చివరగా, సరళతో పాటు రొయ్యలొలిచే కూర్మమ్మ తూలుతూ వచ్చింది. ఆమె కార్డూ గీకారు. తెర మీద సున్నా పడింది.

ఫైరింజన్ వచ్చింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?" ఆఫీసరు ఒడియాలో అడిగాడు.

"ఎవరూ లేరు సార్. అందరి కార్డులూ బయటికొచ్చేశాయి."

వాళ్లు ఫ్యాక్టరీ వెనక్కి, గ్యాసు ఆపడానికి వెళ్లిపోయారు.

అప్పటికి కూర్మమ్మకి ఊపిరందింది. గౌరీశంకర్ చెయ్యి పట్టుకుంది.

"ఆయనేడీ బాబూ? నన్ను తలుపు దాకా తోసి, తను కూలబడిపోనాడు."

గౌరీశంకర్ తెర వైపు చూశాడు. సున్నాయే ఉంది.

పరుగెత్తాడు. ఆఫీసరు కాళ్లకు అడ్డం పడ్డాడు. వాళ్లు లోపలికెళ్లి అతన్ని తెచ్చేసరికి చేసేదేమీ మిగల్లేదు.

జేబులో కాగితం ముక్క కూడా లేదు. పోలీసులు పేరేం రాయాలో తెలియక నిలబడ్డారు.

సాయంత్రానికి ఆసుపత్రిలో సరళ తేరుకుంది. నిన్ను బయటికి తెచ్చిన మనిషి ఇతనేనని చెప్పి, ముఖం మీది గుడ్డ తొలగించారు.

ఆమె చాలాసేపు చూసింది.

"ఎవరో తెలుసా అమ్మా?" గౌరీశంకర్ అడిగాడు.

"కోర్టులో సూసాను బాబూ," అంది సరళ మెల్లగా. "మా ఆయన్ని లారీతో గుద్ది సంపేసింది ఈయనే."