రెండో రకం

"సార్, ఆ ముసలాయన మళ్లీ వచ్చాడు," అన్నాడు వాచ్‌మన్.

పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేసి అమ్మే షెడ్డు అది. యజమానికి ఒళ్లు మండింది. కొనేది లేదు, కదిలేది లేదు. మూడు రోజులుగా ఇదే వరస!

పైగా ఇవాళ కొడుకు పుట్టినరోజు. నచ్చిన కారు తీసుకోమని వాడికి మాటిచ్చాడు.

షెడ్డులో ఉన్నవి ఒకే మోడల్‌లో వచ్చిన మూడు రకాల కార్లు. కంపెనీ మొదట చేసింది ఎర్రది. తర్వాత చేసిన రెండో రకం నీలం. ఆఖరిది తెలుపు, టాపు లేనిది.

"నీలంది బాగుంది నాన్నా," అన్నాడు కొడుకు.

"ఛీ! పొడవు పెంచి దాన్ని పాడుచేశార్రా. మొదటిదంటే మొదటిదే. తెలిసినవాడెవడూ రెండోదాని మొహం చూడడు."

"కాదు బాబూ, నీలందే తీసుకో," గుమ్మం దగ్గర్నుంచి అన్నాడు ముసలాయన. "ఎర్రదానికి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం చాలదు. మలుపులో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశావా, వెనక భాగం గిర్రున తిరిగిపోతుంది."

"తాతగారూ, మీరెప్పుడైనా నడిపారా?" నవ్వుతూ అడిగాడు కుర్రాడు.

ముసలాయన నోరు తెరిచేలోపే యజమాని లేచాడు.

"ముప్పై ఏళ్లుగా ఇదే పనయ్యా నాది. నాకే పాఠాలా? శుభమా అని పిల్లాడు కారెక్కుతుంటే ఈ అపశకునం మాటలేంటి? నడు!"

"మీ కాళ్లు పట్టుకుంటాను. ఎర్రది వద్దండీ."

వాచ్‌మన్ ఆయన రెక్క పట్టుకుని గేటు దాటించాడు.

తండ్రి మాట కాదనలేక కుర్రాడు ఎర్ర కారు తాళం అందుకున్నాడు.

పదకొండో రోజు వానలో, ఘాట్ రోడ్డు మలుపులో కారు అదుపు తప్పింది. పిల్లాడు ఇంటికి రాలేదు.

ఆ తండ్రి ఏడుపు పగవాడికి కూడా వద్దు. ముసలాయన వద్దంటున్నా తన చేత్తో తనే తాళం ఇచ్చాడు. వాడు నీలంది బాగుందన్నాడు కదా, ఎందుకు వినలేదు?

నెల తర్వాత యజమాని, వాచ్‌మన్ చెప్పిన గుర్తులు పట్టుకుని, ముసలాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. ఆ కాళ్ల మీద పడి ఏడవాలని.

తలుపు తీసింది ఆయన కూతురు. వచ్చిందెవరో తెలిశాక లోపలికి పిలిచి కుర్చీ వేసింది.

"నాన్నగారు లేరండీ. పేపర్లో మీ అబ్బాయి వార్త చూసిన దగ్గర్నుంచి ముద్ద ముట్టలేదు. 'ఇంకో పిల్లాణ్ణి చంపుకున్నానమ్మా' అంటూనే పోయారు."

"ఇంకో పిల్లాడా?"

"మా అన్నయ్య కూడా ఆ మొదటి రకం కారులోనే పోయాడు. అప్పట్నుంచి అది ఎక్కడ అమ్మకానికి వచ్చిందని తెలిసినా, వెళ్లి వద్దని బతిమాలేవారు."

"ఆ కారు గురించి ఆయనకి అంత వివరంగా ఎలా తెలుసమ్మా?"

ఆమె కళ్లు తుడుచుకుంది.

"దాని డిజైన్ గీసింది నాన్నేనండీ. అన్నయ్య పోయాక, ఇంకెవరి బిడ్డా పోకూడదని కంపెనీతో పోట్లాడి రెండోదాన్ని గీసిందీ ఆయనే."