డాష్‌బోర్డు మీది గుడ్డ

"దీన్ని ఎవరికైనా అమ్మిపెట్టు గ్లెన్. మా ఆయన మెర్వ్ పోయినప్పటి నుంచి ఏసీ పనిచెయ్యడం మానేసింది," అంది బెరిల్, తాళంచెవి మెకానిక్ చేతిలో పెడుతూ.

గ్లెన్ కారెక్కి కూర్చున్నాడు. బ్రోకెన్ హిల్‌లో జనవరి అంటే నడివేసవి ఎండ; స్టీరింగు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఊళ్లో అందరిలాగే బెరిల్ కూడా డాష్‌బోర్డు ఎండకు పగలకుండా దానిమీద మందపాటి గుడ్డ పరిచింది. గ్లెన్ దాని అంచు ఎత్తాడు. కింద గోరంత నల్లటి బిళ్ల ఉంది.

"ఏసీకి ఏ రోగమూ లేదు బెరిలమ్మా. ఇదే దాని కన్ను. ఎండ ఎంతుందో ఇది చూసి చెబితే, అది తనంతట తానే చల్లదనం పెంచుతుంది. నువ్వేమో గంతలు కట్టేశావు. పాపం, దానికి ఎప్పుడూ సాయంత్రమే."

"కారు కొన్నప్పటి నుంచీ ఆ గుడ్డ అక్కడే ఉందిగా? మెర్వ్ నడిపినన్నాళ్లూ చల్లగానే ఉండేది."

"ఎండ నీ వైపు తిరిగినప్పుడల్లా తనే ఏసీ మీట తిప్పి ఉంటాడు."

"తిప్పేవాడు. దాని మానాన దాన్ని వదిలెయ్, ఊరికే కెలక్కు అని తిట్టేదాన్ని."

గ్లెన్ వేలితో ఆ నల్లబిళ్ల మీది దుమ్ము తుడిచాడు.

"గుడ్డకి చిన్న కంత పెట్టుకోమని మెర్వ్‌కి అప్పుడే చెప్పాను. 'మా ఆవిడ చేత్తో కుట్టింది, కత్తెర పెడితే నన్ను పాతేస్తుంది' అన్నాడు."

బెరిల్‌కి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. గ్లెన్ జేబులోంచి చాకు తీశాడు.

"ఉండనీ," అని బెరిల్ గుడ్డ సర్ది, అలవాటుగా వెళ్లి పక్క సీట్లో కూర్చుంది. "చల్లగా కావాలంటే మీట ఎటు తిప్పాలి?"