తలుపు తీసిన పక్కింటావిడ

"ఇది పచ్చి అబద్ధం!" చిపెగో నవలను టపీమని బల్ల మీద పడేసింది.

చోమా పట్నంలో చర్చి వెనక గదిలో కూర్చున్న ఆడవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. నెలకో పుస్తకం చదివి, ఇలా చేరి మాట్లాడుకోవడం వాళ్లకు అలవాటు. ఆ రోజు నవల రాసిన నమాకౌ స్వయంగా రాజధాని లుసాకా నుంచి వచ్చి, వాళ్లకెదురుగా కూర్చుని చల్లని మొక్కజొన్న పానీయం చిబ్వాంతు తాగుతోంది.

"ఊరుకోవే! మన ఊరొచ్చిన మనిషితో మాట్లాడే తీరు ఇదేనా?" పక్కనున్న న్చిమున్యా ఆమె మోచేయి పట్టుకుని లాగింది. "నేనైతే ఆ పుస్తకం చదివి వెక్కి వెక్కి ఏడ్చాను."

"ఏడుస్తావక్కా. అమ్మ ఒళ్లో పెరిగినదానివి, నీకేం!" చిపెగో రచయిత్రి వైపు తిరిగింది. "కట్టెతో బాదడం నిజం. తిండి పెట్టకుండా కోళ్ల గూట్లో పడేయడం నిజం. కానీ మీ కథలో పిల్ల మిజింగ వానలో పరిగెత్తుకెళ్లి తడితే పక్కింటావిడ తలుపు తీస్తుందా? ఒళ్లు తుడిచి, వేడి వేడి న్షిమా ముద్ద పెడుతుందా? ఎక్కడున్నారండీ అలాంటి మనుషులు?"

నమాకౌ కప్పు కింద పెట్టింది.

నిజానికి చిపెగోకి ఆ నవల చదువుతుంటే కన్నీళ్లు రాలేదు. దెబ్బల పేజీలన్నీ రెప్ప వేయకుండా దాటేసింది, అవన్నీ ఎరిగినవే. ఆ తలుపు తెరుచుకున్న చోట మాత్రం పేజీ మడిచి పుస్తకం మూసేసింది. కాగితం మీది పిల్ల మీద అసూయేమిటని తనను తానే తిట్టుకుంది. అయినా ఆ పిల్ల తల తుడుచుకున్న తువ్వాలు మీద కూడా కుళ్లుకుంది. తర్వాత మిజింగ బడికెళ్లినా, నవ్వినా, చివరికి తన కాళ్ల మీద తాను నిలబడినా ఓర్వలేకపోయింది.

"నేనూ తట్టాను," అంది. "మా బాబాయి కొడుతుంటే పారిపోయి పక్కింటి తలుపు తట్టాను. లోపల మాటలు వినబడుతూనే ఉన్నాయి. కిటికీలోంచి నన్ను చూసి గడియ పెట్టుకున్నారు. దానికి మాత్రం ఎందుకు తియ్యాలి?"

న్చిమున్యా ఆమె మోచేయి వదిలేసి, వీపు మీద చెయ్యి వేసింది.

"మీ పేరేమిటమ్మా?" నమాకౌ మెల్లగా అడిగింది.

"ఏం, పాస్టరుగారికి చెబుతారా? చిపెగో."

"రైలు స్టేషను వెనక ఉంటారా?"

"ఉంటాను. అయితే?"

"లుయాందో అనే పిల్ల గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు? మా పక్కింటి పిల్ల. సవతి తల్లి చావబాదుతుంటే మా ఇంటికొచ్చి పడింది, ఉంచేసుకున్నాను. ఇప్పుడు లుసాకాలో నర్సు. అయినా దాని ఊసెందుకిప్పుడు? ముందు నేనడిగినదానికి జవాబు చెప్పండి."

నమాకౌ లేచి వచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అదే చెబుతున్నానమ్మా. ఊరు మార్చాను, పేర్లు మార్చాను. మిజింగ మీ లుయాందోనే."