కంటి పరీక్షకు కోచింగ్

తేజేశ్వర్‌కు పరీక్షలంటే భయం లేదు. ఇంటర్‌లో స్టేట్ ర్యాంకు, ఎంట్రన్స్‌లో ర్యాంకు, ఇప్పుడు అమెరికాలోని నోవై ఊళ్లో కార్ల డిజైన్ ఉద్యోగం. మెటీరియల్ ముందే చేతికొచ్చి, రోజూ రెండు గంటలు కూర్చోబెడితే ఎవరినైనా ఏ పరీక్షలోనైనా గట్టెక్కించవచ్చని ఆయన నమ్మకం. అందుకే పదేళ్ల కూతురు ఉజ్వలకు కంటి పరీక్ష పెడతామని స్కూలు వాళ్లు ఉత్తరం పంపగానే, ఆ మహానుభావుడు కోచింగ్ మొదలుపెట్టాడు.

నవ్వకండి. నిజంగానే మొదలుపెట్టాడు.

ఉజ్వలకు కంటి లోపలి పొర నెమ్మదిగా పాడైపోతోంది. కళ్లజోడుతో పోయేది కాదని డాక్టర్ రెండేళ్ల కిందటే తేల్చి చెప్పాడు. ఈ చలికాలంలో పిల్ల స్కూలు మెట్ల మీద రెండుసార్లు పడింది. రెండోసారి ముందు పన్ను విరిగింది. అప్పుడు మిసెస్ కెర్న్స్ తల్లిదండ్రులను పిలిపించింది. చూపు తగ్గిన పిల్లలకు చదువు చెప్పే టీచర్ ఆవిడ.

"ఎంతో కొంత చూపు ఉండగానే బ్రెయిలీ మొదలుపెడదాం. తెల్లకర్రతో నడక కూడా నేర్పిద్దాం. మొత్తం పోయాక మొదలుపెడితే పాప చాలా కష్టపడాల్సి వస్తుంది. మీ సంతకం కావాలి," అంది.

ఇందులో అర్థం కానిది ఏముంది? ర్యాంకరు గారికి మాత్రం అర్థం కాలేదు.

"కర్ర పట్టుకుని గుడికొస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు తిరిగి వెళుతూ కారులో.

"పడకుండా ఉంటుంది కదండీ," అంది భార్య చంద్రిక.

"నువ్వూరుకో. ఉత్తరంలో రాసిన ఆ టెస్ట్ పాస్ అయిందంటే ఫైల్ క్లోజ్ చేసేస్తారు. ఆ సంగతి నేను చూసుకుంటాను."

పిల్లకు పన్ను పోయినా ఫరవాలేదు, తనకు పరువు పోకూడదు. ఛీ.

మిసెస్ కెర్న్స్ గదిలో అక్షరాల చార్టు గోడకు ఉండదు. లోపల దీపమున్న పెట్టెకు దాన్ని తగిలించి, గది చీకటి చేసి, స్విచ్ వేస్తారు. మీటింగ్ రోజున ఆవిడ ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లినప్పుడు తేజేశ్వర్ ఆ చార్టును సెల్‌ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. చంద్రిక తలుపు దగ్గర కాపలా కాసింది. కాబట్టి ఆవిడనూ వదిలిపెట్టనక్కర్లేదు.

ఇక నాలుగు వారాలు ఆ ఇంట్లో వేరే పని లేదు. రోజూ స్కూలు నుంచి రాగానే చార్టు. ఆదివారం మాక్ టెస్ట్. ఒక్క అక్షరం తప్పితే ఆ వరుస మళ్లీ పదిసార్లు. మార్కుల లిస్టు ఫ్రిజ్ మీద అంటించాడు. దాన్ని చదవాలంటే ఆ పిల్ల ఫ్రిజ్‌కు ముక్కు ఆనించాలి. అది కూడా ఆయనకు తట్టలేదు.

ఉజ్వల ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. పై వరుస నుంచి కింది వరుస దాకా గడగడా అప్పజెప్పేది.

"పాపకి ఇష్టంగానే ఉన్నట్టుందండీ. పిలవకుండానే వచ్చి కూర్చుంటోంది," అంది చంద్రిక.

"నా బ్లడ్ కదా," అన్నాడు ర్యాంకరు.

పదేళ్ల పిల్ల, దానికేం తెలుసు పాపం. నాన్న చెప్పింది చేస్తుంది.

పరీక్ష రోజు వచ్చింది. కారులో ఆఖరి రివిజన్ కూడా అయింది. మిసెస్ కెర్న్స్ ఉజ్వలను నేల మీద గీసిన గీత దగ్గర నిలబెట్టింది. తల్లిదండ్రులను మూల కుర్చీల్లో కూర్చోమంది. కిటికీ తెరలు లాగి, గదిలో లైట్లు ఆర్పి, చార్టు పెట్టె దగ్గరికి నడిచింది.

ఆవిడ స్విచ్ మీద చెయ్యి వేసేలోపే ఉజ్వల మొదలుపెట్టింది.

మొదటి వరుస అయింది. రెండో వరుస అయింది. తేజేశ్వర్ గట్టిగా దగ్గాడు. పిల్ల ఆగలేదు. మళ్లీ దగ్గాడు. అయినా ఆగలేదు. చీమ తలంత అక్షరాలుండే ఆఖరి వరుస దాకా ఒక్క తప్పు లేకుండా చదివేసి, చేతులు కట్టుకుని నిలబడింది.

"నేనింకా లైట్ వేయలేదు," అంది మిసెస్ కెర్న్స్.

దొంగతనం బయటపడ్డ సిగ్గు తేజేశ్వర్‌కు ఒక్క నిమిషమే ఉంది. ఆ తర్వాత ఒళ్లంతా చెమట పట్టింది. వెలుగేదో చీకటేదో కూడా తెలియనంతగా పోయిందా చూపు? తడుముకుంటూ వెళ్లి కూతురి ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నీకేం కనబడట్లేదా తల్లీ? ఎప్పట్నుంచి?"

రెండేళ్లలో కన్నకూతుర్ని ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఇలాంటి వాళ్లను ఏ చెప్పుతో కొట్టాలి?

ఉజ్వల తల వంచుకుంది.

పరీక్ష అక్కడితో ఆగిపోయింది. మిసెస్ కెర్న్స్ కాగితాలు ముందు పెట్టింది. బ్రెయిలీకి ఒకటి, తెల్లకర్రకు ఒకటి. ఎక్కడ పెట్టమంటే అక్కడ, చదవకుండానే సంతకాలు పెట్టాడు స్టేట్ ర్యాంకరు.

వారం తిరక్కుండానే కర్ర వచ్చింది. దాన్ని ముందుకు ఆనించుకుంటూ స్కూలు మెట్లు ఒక్కొక్కటే దిగి, ఉజ్వల కారు దగ్గరికి వచ్చింది. పడలేదు. చంద్రిక పరీక్ష రోజు నుంచి అడగలేక దాచుకున్న ప్రశ్న కళ్లు తుడుచుకుంటూ అప్పుడు అడిగింది.

"లైట్ వేయలేదని కూడా నీకు తెలియలేదా బంగారం?"

"తెలుసు మమ్మీ, కానీ లైట్ వేస్తే పైన టూ లైన్స్ నాకు నిజంగానే కనిపిస్తాయి, మిగతావి కూడా చూసే చదివాననుకుంటారు, అప్పుడు డాడీ విన్ అయిపోతాడు కదా."