దుకాణం యజమాని

"కోర్టు కాగితం రానిదే ఆ సైటుకి తాళం వెయ్యనంటే వెయ్యను," అన్నాడు లియావ్. తైచుంగ్‌లో వెబ్‌సైట్లకు పేర్లు అమ్మే ఆ చిన్న కంపెనీకి ఆయనే మేనేజరు.

"కాగితం వచ్చేలోపు ఇంకొకరు పోతారు సార్," అంది పేషాన్. ఫిర్యాదులు చూసే పని ఆమెది. దొంగ మందుల దుకాణం ఒకటి నెట్‌లో నొప్పి మాత్రలు అమ్ముతోంది. ఒక పేరు మూయిస్తే సాయంత్రానికల్లా ఇంకో పేరుతో తెరుచుకుంటోంది.

"ముందు యజమానికి ఫోన్ చెయ్యాలి. అది మన రూలు. చేశావా?"

"చేశాను. మూడు పేర్లు, ముగ్గురు యజమానులు. మొదటాయన పోయి పది రోజులైందని భార్య చెప్పింది. రెండో ఇంట్లో కూతురు ఏడుస్తూ పెట్టేసింది. మూడో ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు సార్. శవం దగ్గర చదివే మంత్రాలు వినిపించాయంతే."

"దయ్యాలు భూమ్మీదికొచ్చే నెల కదా, వాళ్ళే దుకాణం పెట్టుకున్నారేమో," అన్నాడు లియావ్. అని, తనే నవ్వలేకపోయాడు. కింద వీధిలో ఆఫీసువాళ్ళు దిక్కులేని ఆత్మల కోసం బల్ల పరిచి పళ్ళూ బిస్కెట్లూ పేరుస్తున్నారు. అగరొత్తుల పొగ కిటికీలోంచి లోపలికొస్తోంది.

"దయ్యాలు కాదు సార్. మాత్రలు కావాలంటే గుర్తింపు కార్డు ఫోటో పంపమంటారు. ఆ కార్డుతోనే కొత్త పేరు కొంటున్నారు. పాపం, మాత్రలు కొన్నవాళ్ళనే యజమానుల్ని చేస్తున్నారు. ఆ మాత్రలు మింగే పోయారు ముగ్గురూ."

ఆమె ఫోన్ మోగింది. నాన్న. పూజ బల్ల నాలుగంతస్తులూ తనొక్కడే దింపానని గొప్పలు చెప్పుకోవడానికై ఉంటుంది. మొన్నటిదాకా మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేనన్న ఆయన హుషారు ఈ మధ్య పట్టలేకుండా ఉంది. కట్ చేసింది.

"కాగితం సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు లియావ్. "మనమొక్కళ్ళం మూస్తే పక్క కంపెనీకి పోతారు," అని తనే ఫోనందుకున్నాడు. రోజూ ఒకళ్ళ బేరాలు ఒకళ్ళు లాక్కునే కంపెనీలు ఇంకో నాలుగున్నాయి. ముగ్గుర్ని బతిమాలాడు, ఒకడిని తిట్టాడు. మధ్యాహ్నం మూడింటికి అందరూ ఒక్కసారే తాళాలు వేశారు. దుకాణం ఎక్కడ వెతికినా దొరకలేదు.

"పీడ విరగడైంది," అన్నాడు లియావ్. పేషాన్‌కి కళ్ళు తడిశాయి. పొద్దుట్నుంచీ చెవుల్లో తిరుగుతున్న ఆ మంత్రాలు ఇప్పుడు కాస్త తగ్గినట్టనిపించింది.

నాలుగు కాకముందే కంప్యూటరు టింగుమంది. కొత్త పేరొకటి, తమ కంపెనీలోనే. తెరిచి చూస్తే అవే మాత్రలు, అవే బొమ్మలు.

"చూశావా, వదల్లేదు. ఈసారి ఎవరి పేరు మీద?" అడిగాడు లియావ్.

పేషాన్ తెర ఆయన వైపు తిప్పింది. యజమాని గడిలో వాళ్ళ నాన్న పేరుంది, పక్కన ఇందాక తను కట్ చేసిన నంబరుంది.